తెర మీద విండోల సర్దుబాటు

కంప్యూటర్ తెర ఒకటే అయినా దాని మీద జరిగే పనులు అనేకం. జవాబు రాసేవారికి అవతలివారి ఉత్తరం కళ్ల ముందు ఉండాలి. లెక్కలు చూసేవారికి ఒక పక్క బిల్లు, ఇంకో పక్క ఖాతా కావాలి. అనువాదకులకు మూలమూ, నిఘంటువూ, తాము రాస్తున్న పేజీ మూడూ ఒకేసారి కావాలి. ఇన్ని పనులకు తెరను పంచి ఇచ్చే ఏర్పాటే విండో. ఏ విండో ఎంత పెద్దదిగా ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఏది పైకి రావాలి, ఏది పక్కకు తప్పుకోవాలి అన్నవి తేల్చుకోవడమే విండోల సర్దుబాటు. ఇది చిన్న విషయంగానే కనిపిస్తుంది. కానీ రోజంతా తెర ముందు కూర్చునేవారి పని ఎంత సాఫీగా సాగుతుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

విండో అంటే తెర మీద ఒక దీర్ఘచతురస్రం. దాని పై అంచున ఉండే పట్టీ పేరు టైటిల్ బార్. ఆ పట్టీని మౌస్‌తో పట్టి లాగితే విండో మొత్తం కదులుతుంది. మైక్రోసాఫ్ట్ విండోస్‌లో అదే పట్టీ కుడి చివర మూడు బటన్లు ఉంటాయి. అడ్డగీత ఉన్నది మినిమైజ్. అది నొక్కితే విండో తెర మీంచి తప్పుకుని టాస్క్‌బార్‌లోకి వెళ్తుంది. చతురస్రం ఉన్నది మాక్సిమైజ్. అది నొక్కితే విండో తెరంతా పరుచుకుంటుంది. ఇంటూ గుర్తు ఉన్నది క్లోజ్. అది విండోను మూసేస్తుంది. ఆపిల్ మాక్‌లో ఈ బటన్లు ఎడమ పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలుగా ఉంటాయి. మినిమైజ్‌కూ క్లోజ్‌కూ ఉన్న తేడా గుర్తుంచుకోవాలి. మినిమైజ్ చేసిన విండో కంటికి కనిపించకపోయినా లోపల పని చేస్తూనే ఉంటుంది. అందులోని పాట ఆగదు, డౌన్‌లోడ్ ఆగదు, అది వాడుకునే మెమరీ కూడా ఖాళీ కాదు.

తెరకు ఉన్నవి పొడవు, వెడల్పు రెండే. విండోలకు మాత్రం వరుస అనే మూడో లెక్క కూడా ఉంది. తెరిచి ఉన్న విండోలన్నింటినీ ఆపరేటింగ్ సిస్టమ్ ముందు వెనకల క్రమంలో గుర్తుపెట్టుకుంటుంది. దేని మీద క్లిక్ చేస్తే అది అన్నింటికంటే ముందుకు వస్తుంది. కీబోర్డు మీద కొట్టే అక్షరాలు ఒక సమయంలో ఒక్క విండోకే చేరతాయి. దాన్ని యాక్టివ్ విండో అంటారు. రెండు విండోలు పక్కపక్కన కనిపిస్తున్నప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. చూపు ఒక విండోలో, యాక్టివ్ గుర్తింపు ఇంకో విండోలో ఉంటే, టైపు చేసిన వాక్యం వేరేచోట పడుతుంది. టైటిల్ బార్ రంగు, మిణుకుమనే కర్సర్ ఈ రెండింటినీ చూసి ఏ విండో యాక్టివ్‌గా ఉందో తెలుసుకోవచ్చు.

తెర మీద పనులను పంచే ఆలోచనకు దాదాపు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక కంప్యూటర్ సమావేశంలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన బృందం తయారుచేసిన వ్యవస్థను ప్రదర్శించాడు. మౌస్‌ను పెద్ద సభ ముందు పెట్టింది ఆ రోజే. ఆ ప్రదర్శనలో తెరను భాగాలుగా విడదీసి వేర్వేరు సమాచారాన్ని చూపించారు. ఆ తర్వాతి అడుగు కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో పడింది. అక్కడ 1973లో తయారైన ఆల్టో అనే కంప్యూటర్ తెర నిలువుగా, ఒక కాగితం ఆకారంలో ఉండేది. అడ్డంగా 606, నిలువుగా 808 చుక్కలు. ఇంత చిన్న తెర మీద అనేక పనులు పట్టాలంటే ఎలా? బల్ల మీద కాగితాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నట్టు విండోలను కూడా ఒకదాని మీద ఒకటి ఉంచవచ్చన్నది అలన్ కే ఆలోచన. కావాల్సిన కాగితాన్ని పైకి తీసుకున్నట్టే కావాల్సిన విండోను పైకి తెచ్చుకోవచ్చు.

ఆలోచన సులువే, అమలు కష్టం. ఒక విండో పక్కకు జరిగినప్పుడల్లా దాని కింద ఉన్నదాన్ని మళ్లీ గీయాలి. అప్పటి యంత్రాలకు అది మోయలేని భారం. 1975లో డాన్ ఇంగాల్స్, ఆయన సహచరులు బిట్‌బ్లిట్ అనే పద్ధతి కనిపెట్టారు. తెర మీది ఒక దీర్ఘచతురస్రంలోని చుక్కలన్నింటినీ ఒక్క దెబ్బతో మెమరీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పద్ధతి అది. విండోలను కదిలించడం, ముందుకు తేవడం దాంతో వేగంగా సాధ్యమైంది. తర్వాత ఆపిల్ సంస్థలో బిల్ అట్కిన్‌సన్, ఒక విండోలో పైకి కనిపిస్తున్న భాగం ఎంత వంకరటింకరగా ఉన్నా ఆ భాగాన్ని మాత్రమే గీసే ఉపాయం కనిపెట్టి లీసా, మాకింటాష్ కంప్యూటర్లకు అందించాడు. 1984 జనవరిలో వచ్చిన మొదటి మాకింటాష్ తెర 9 అంగుళాలు. చుక్కలు 512 అడ్డంగా, 342 నిలువుగా. అంత చిన్న తెర మీద కూడా విండోలు ఒకదాని మీద ఒకటి నిలిచాయి.

అదే కాలంలో రెండో మార్గం కూడా ఉంది. విండోలు ఒకదాని మీద ఒకటి పడకుండా, సందు లేకుండా పక్కపక్కన పరచడం. దీన్ని టైలింగ్ అంటారు. మొదటిదాన్ని ఓవర్‌ల్యాపింగ్ అంటారు. జెరాక్స్ సంస్థే 1981లో అమ్మకానికి తెచ్చిన స్టార్ కంప్యూటర్ మొదట్లో టైలింగ్ పద్ధతినే అనుసరించింది. ఒకదాని మీద ఒకటి పడే విండోలను వాడేవారు వాటిని సర్దుకోవడానికే ఎక్కువ సమయం పెడుతున్నారని దాని రూపకర్తలు గమనించారు. 1985 నవంబర్ 20న వచ్చిన మొదటి మైక్రోసాఫ్ట్ విండోస్ కూడా టైలింగ్‌దే. అందులో ఒక ప్రోగ్రామ్ విండో ఇంకో ప్రోగ్రామ్ విండో మీదికి రాదు. కొత్తది తెరిస్తే పాతవి ఇరుక్కుని చోటిస్తాయి. 1987 చివర్లో వచ్చిన రెండో విండోస్ ఈ కట్టుబాటును వదిలేసి ఓవర్‌ల్యాపింగ్‌కు మారింది. మరుసటి ఏడాది ఆపిల్ సంస్థ మైక్రోసాఫ్ట్ మీద వేసిన దావాలో వివాదమైన అంశాల్లో ఒకదాని మీద ఒకటి నిలిచే విండోలు కూడా ఉన్నాయి. 1994లో అప్పీలు కోర్టులోనూ ఆపిల్‌కు అనుకూలంగా తీర్పు రాలేదు. ఓవర్‌ల్యాపింగ్ లోకమంతటా వాడుకలో నిలిచింది.

ఈ రెండింట్లో ఏది మేలో తేల్చడానికి 1986లో సారా బ్లై, జారెట్ రోజెన్‌బర్గ్ అనే పరిశోధకులు ప్రయోగం చేశారు. విండోను పెద్దగా సర్దాల్సిన అవసరం లేని పనుల్లో టైలింగ్ వాడినవారు త్వరగా ముగించారు. విండోల సైజు, చోటు తరచూ మార్చాల్సిన పనుల్లో, చేయి తిరిగినవారికి ఓవర్‌ల్యాపింగ్ కలిసొచ్చింది. ఆ ప్రయోగం చెప్పిన మాట నేటికీ చెల్లుతుంది. అమరికను నిర్ణయించేది పని స్వభావం. రెండు విషయాలను పోల్చి చూడాలంటే పక్కపక్కన ఉండాలి. ఒకటి అప్పుడప్పుడు తొంగి చూస్తే చాలనుకుంటే అది వెనక ఉండవచ్చు.

విండోను పెద్దది, చిన్నది చేయడం, అంటే రీసైజ్ చేయడం, అంచుల దగ్గర జరిగే పని. మౌస్ బాణాన్ని విండో ఎడమ లేదా కుడి అంచు మీదికి తెస్తే అది రెండువైపులా మొనలున్న అడ్డబాణంగా మారుతుంది. అప్పుడు నొక్కి పట్టి లాగితే వెడల్పు మారుతుంది. పై అంచు, కింది అంచు దగ్గర నిలువు బాణం వస్తుంది, ఎత్తు మారుతుంది. మూల దగ్గర ఏటవాలు బాణం వస్తుంది, ఎత్తూ వెడల్పూ రెండూ కలిసి మారతాయి. నాలుగు మూలల్లో ఎక్కడ పట్టుకున్నా దాని ఎదుటి మూల కదలకుండా నిలిచి ఉంటుంది. అందువల్ల ముందు విండో పై ఎడమ మూలను కావాల్సిన చోట ఉంచి, తర్వాత కింది కుడి మూలను లాగితే రెండే కదలికల్లో పని పూర్తవుతుంది.

కొత్తవారికి ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు రెండు. మొదటిది, మాక్సిమైజ్ అయి ఉన్న విండోకు లాగడానికి అంచులు దొరకవు. మాక్సిమైజ్ బటన్‌ను ఇంకోసారి నొక్కితే, లేదా టైటిల్ బార్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే విండో మునుపటి సైజుకు వస్తుంది. అప్పుడు అంచులు చేతికి అందుతాయి. రెండోది, కొన్ని విండోలు ఎంత లాగినా మారవు. ప్రశ్న అడిగి సరే, వద్దు అనే బటన్లు చూపించే చిన్న పెట్టెలు ఇలాంటివి. వాటి సైజును తయారుచేసినవారే ఖాయం చేసి ఉంటారు. అలాగే చాలా ప్రోగ్రామ్‌లకు ఒక కనీస సైజు ఉంటుంది. అంతకంటే లోపలికి నెట్టినా విండో తగ్గదు.

అంచు సన్నగా ఉంటుంది కాబట్టి దాన్ని మౌస్‌తో పట్టుకోవడానికి సమయం పడుతుంది. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే దాన్ని చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సూత్రీకరించాడు. విండోల రూపకర్తలు ఆ సూత్రాన్ని దృష్టిలో పెట్టుకుని ఎన్నో ఉపాయాలు చేశారు. లినక్స్‌లోని అనేక డెస్క్‌టాప్‌లలో ఆల్ట్ గానీ సూపర్ (విండోస్ గుర్తు ఉన్న కీ) గానీ నొక్కి ఉంచితే, టైటిల్ బార్‌తో పని లేకుండా విండోలో ఎక్కడ పట్టి లాగినా అది కదులుతుంది. మాక్‌లో చాలాకాలం కింది కుడి మూల ఒక్కదాన్నే పట్టుకుని సైజు మార్చాల్సి వచ్చేది. 2011లో వచ్చిన లయన్ సంచిక నుంచి అన్ని అంచులూ పని చేస్తున్నాయి. వీటన్నింటికంటే ఎక్కువ మందికి ఉపయోగపడిన ఉపాయం మాత్రం తెర అంచునే గురిగా మార్చడం. తెర అంచు దగ్గర మౌస్ బాణం తనంత తానే ఆగిపోతుంది. కాబట్టి గురి తప్పే ప్రసక్తే లేదు.

2009 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 7 ఈ ఉపాయాన్ని స్నాప్ అనే పేరుతో జనంలోకి తెచ్చింది. విండో టైటిల్ బార్‌ను పట్టి తెర ఎడమ అంచుకు ఆనించి వదిలితే విండో సరిగ్గా ఎడమ సగంలో అమరుతుంది. కుడి అంచుకు ఆనిస్తే కుడి సగంలో కూర్చుంటుంది. పై అంచుకు ఆనిస్తే తెరంతా నిండుతుంది. 2015లో వచ్చిన విండోస్ 10 దీనికి రెండు సౌకర్యాలు చేర్చింది. మూలకు ఆనిస్తే విండో తెరలో నాలుగో వంతు తీసుకుంటుంది. ఒక సగం నిండగానే, మిగిలిన సగంలో తక్కిన విండోల చిన్న బొమ్మలు కనిపిస్తాయి. వాటిలో ఒకదాని మీద క్లిక్ చేస్తే అది ఆ సగాన్ని నింపుతుంది. పక్కపక్కన చేరిన రెండు విండోల మధ్య గీతను పట్టి జరిపితే ఒకటి పెరిగిన మేరకు రెండోది తగ్గుతుంది.

2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11లో మాక్సిమైజ్ బటన్ మీద మౌస్‌ను కాసేపు నిలిపితే చిన్న పటాలు కనిపిస్తాయి. సగం సగం, రెండు వంతులు ఒక వంతు, నాలుగు పావులు, ఇలా తెరను పంచే తీరులు వాటిలో ఉంటాయి. కావాల్సిన గడి మీద క్లిక్ చేస్తే విండో అక్కడికి చేరుతుంది. వెడల్పైన తెరలకు మూడు నిలువు వరుసల పటాలు కూడా వస్తాయి. ఇలా కలిపి అమర్చిన విండోలను కంప్యూటర్ ఒక జట్టుగా గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో వేరే పని చూసుకుని, టాస్క్‌బార్ నుంచి ఆ జట్టును పిలిస్తే అన్నీ పాత చోట్లకే వస్తాయి.

మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనూ ఇవన్నీ చేయవచ్చు. విండోస్ గుర్తు ఉన్న కీ నొక్కి ఉంచి ఎడమ బాణం నొక్కితే విండో ఎడమ సగానికి వెళ్తుంది. కుడి బాణం నొక్కితే కుడి సగానికి వెళ్తుంది. పై బాణం పెద్దది చేస్తుంది, కింది బాణం తగ్గిస్తుంది. ఎడమకు పంపాక వెంటనే పై బాణం నొక్కితే పై ఎడమ మూలలోకి చేరుతుంది. విండోస్ కీతో డి నొక్కితే అన్నీ తప్పుకుని డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఇంకోసారి నొక్కితే అన్నీ తిరిగి వస్తాయి. విండోస్ కీతో హోమ్ నొక్కితే యాక్టివ్ విండో ఒక్కటే మిగిలి తక్కినవన్నీ మినిమైజ్ అవుతాయి. విండోస్ 11లో విండోస్ కీతో జెడ్ నొక్కితే ఇందాకటి పటాలు తెరుచుకుంటాయి. చూపు లేనివారికి, మౌస్ పట్టుకోవడం కష్టమైనవారికి ఈ కీలు సౌకర్యాన్ని మించినవి. వారు విండోలను సర్దుకునే దారి ఇదే.

మాక్‌లో 2024లో వచ్చిన సెకోయా సంచికతో ఇలాంటి టైలింగ్ వచ్చింది. విండోను తెర అంచుకు లాగినా, ఆకుపచ్చ చుక్క మీద మౌస్‌ను నిలిపి పటం ఎంచుకున్నా విండో అమరుతుంది. ఎఫ్ఎన్, కంట్రోల్ కీలు కలిపి నొక్కి బాణం కీలు వాడితే సగభాగాలకు చేరుతుంది. లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారికి సూపర్ కీతో ఎడమ, కుడి బాణాలు ఇదే పని చేస్తాయి. పూర్తిగా టైలింగ్ మీదే నడిచే ఐ3, డీడబ్ల్యూఎం లాంటి ప్రోగ్రామ్‌లు కూడా లినక్స్‌లో ఉన్నాయి. వాటిలో కొత్తది తెరవగానే విండోలు తెరను తమంతట తామే పంచుకుంటాయి. చేతులు కీబోర్డు మీంచి తీయకుండా పని చేసే ప్రోగ్రామర్లకు అవి ఇష్టం.

మైక్రోసాఫ్ట్ 1987లో వదిలేసిన టైలింగ్ ఇరవై రెండేళ్ల తర్వాత స్నాప్ రూపంలో ఎందుకు తిరిగివచ్చింది? ముఖ్య కారణం తెర పెరగడమే. మొదటి మాకింటాష్ తెర మీద ఉన్న చుక్కలు సుమారు లక్షా 75 వేలు. నేటి ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున 20 లక్షల పైచిలుకు చుక్కలున్నాయి. అంటే దాదాపు 12 రెట్లు. పాత తెరలో సగం ఇస్తే ఒక పేజీ కూడా పట్టదు. నేటి వెడల్పు తెరలో సగమంటే 960 చుక్కలు. ఒక పేజీ హాయిగా చదువుకోవచ్చు. తెర చిన్నదైతే పేర్చుకోవాలి, పెద్దదైతే పరుచుకోవచ్చు.

అందుకే సర్దుబాటు మొదలుపెట్టేముందు తన తెరకు ఉన్న చోటెంతో తెలుసుకోవాలి. ధర తక్కువ ల్యాప్‌టాప్‌లలో చాలాకాలం కనిపించిన కొలత అడ్డంగా 1366, నిలువుగా 768. అందులో సగం 683 చుక్కలే. రెండు పేజీలు పక్కపక్కన పెడితే రెండూ ఇరుకుగా ఉంటాయి. అలాంటి తెర మీద సగం సగం కంటే రెండు వంతులు, ఒక వంతు పంపకం నయం. రాస్తున్నదానికి ఎక్కువ చోటు, చూసి రాస్తున్నదానికి తక్కువ చోటు ఇవ్వవచ్చు. ఎక్కువ నిలువు వరుసలున్న లెక్కల పట్టికకు తెర వెడల్పంతా అవసరం. చదివే వ్యాసానికి అంత వెడల్పు అక్కర్లేదు. వరుస మరీ పొడవైతే కన్ను తర్వాతి వరుస మొదలును పట్టుకోలేక తడబడుతుంది. చాటింగ్, క్యాలిక్యులేటర్ లాంటివాటికి సన్నని నిలువు పట్టీ చాలు.

అక్షరాల సైజు, విండో సైజు రెండూ వేరని కూడా గమనించాలి. విండోను పెద్దది చేస్తే అందులో పట్టే విషయం పెరుగుతుంది గానీ, అక్షరాలు పెద్దవి కావు. అక్షరాలు పెరగాలంటే కంట్రోల్ కీ నొక్కి ఉంచి ప్లస్ నొక్కాలి, తగ్గాలంటే మైనస్ నొక్కాలి. బ్రౌజర్లలోనూ, అనేక ప్రోగ్రామ్‌లలోనూ ఇది పని చేస్తుంది. తెర మీద అన్నింటి సైజూ ఒకేసారి పెంచే స్కేలింగ్ సెట్టింగ్ ఇంకొకటి ఉంది. దాన్ని 150 శాతానికి పెంచితే 1920 చుక్కల తెర 1280 చుక్కల తెరంత చోటే ఇస్తుంది. తెలుగులో అక్షరం కింద వత్తులు, పైన గుణింతపు గుర్తులు చేరతాయి కాబట్టి ఇంగ్లీషు కంటే కాస్త పెద్ద సైజులోనే అవి స్పష్టంగా కనిపిస్తాయి. తెలుగు పేజీకి చోటు కేటాయించేటప్పుడు ఈ అవసరాన్ని కలుపుకోవాలి.

విండో ఇరుకైనప్పుడు అందులోని పేజీ తీరు కూడా మారవచ్చు. నేటి వెబ్ పేజీల్లో చాలావరకు విండో వెడల్పును బట్టి తమను తాము సర్దుకుంటాయి. వెడల్పు తగ్గితే పైన వరుసగా కనిపించే మెనూ మూడు గీతల బటన్‌లోకి ముడుచుకుంటుంది, పక్కనున్న పట్టీ కిందికి దిగుతుంది. మెనూ మాయమైందని కంగారు పడక్కర్లేదు. విండోను కాస్త వెడల్పు చేస్తే తిరిగి వస్తుంది.

పక్కపక్క అమరిక వల్ల కలిగే లాభం తెలుగు అచ్చు పనిలో బాగా తెలుస్తుంది. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి టైపు చేసేటప్పుడు ఒకవైపు స్కాన్ బొమ్మ, మరోవైపు టైపు చేస్తున్న పాఠం ఉండాలి. తెలుగు వికీసోర్స్‌లో పుస్తకాల అచ్చుతప్పులు దిద్దే పేజీ ఇలాగే ఉంటుంది. ఒక సగంలో స్కాన్ చేసిన పుట, ఇంకో సగంలో దాని పాఠం. చూపు అడ్డంగా కదిలితే చాలు, వరుసకు వరుస సరిచూసుకోవచ్చు. ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి ఉంటే ప్రతి పదానికీ విండో మార్చాలి. మార్చిన ప్రతిసారీ చూసినదాన్ని మనసులో మోసుకుపోవాలి. వత్తు ఉందా లేదా, దీర్ఘమా హ్రస్వమా అన్న చిన్న తేడాలు జారిపోయేది ఆ మధ్యలోనే.

ఒకే ప్రోగ్రామ్‌లోని రెండు విషయాలను పక్కపక్కన చూడాల్సి వచ్చినప్పుడు చాలామంది ఆగిపోతారు. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్‌ను పట్టి కిందికి లాగి వదిలితే అది విడి విండో అవుతుంది. దాన్ని తెర అంచుకు ఆనించవచ్చు. ఎక్సెల్‌లో వ్యూ మెనూలో ఉన్న న్యూ విండో, అదే పట్టికను రెండో విండోలో తెరుస్తుంది. ఒక దాంట్లో జనవరి లెక్క, ఇంకో దాంట్లో డిసెంబర్ లెక్క చూడవచ్చు. ఎందులో మార్చినా మార్పు రెండింట్లో కనిపిస్తుంది, ఎందుకంటే ఫైలు ఒక్కటే. అదే మెనూలోని వ్యూ సైడ్ బై సైడ్ రెండు పట్టికలను జతగా పెడుతుంది. ఒకదాన్ని జరిపితే రెండోది కూడా కలిసి జరిగేలా చేసే వీలుంది. రెండు నెలల జీతాల పట్టికలు పోల్చేవారికి అది చాలా పనికొస్తుంది. వర్డ్‌లో స్ప్లిట్ అనేది ఒకే పత్రాన్ని పైన కింద రెండు భాగాలుగా చూపిస్తుంది.

విండోలు పదీ పన్నెండూ అయినప్పుడు వాటన్నింటినీ తెర మీద పరచడం కుదరదు. అప్పుడు కావాల్సింది త్వరగా వెతికి పట్టుకునే మార్గం. ఆల్ట్ కీ నొక్కి ఉంచి ట్యాబ్ నొక్కితే తెరిచి ఉన్న విండోల బొమ్మలు వరుసగా వస్తాయి. ట్యాబ్ నొక్కినకొద్దీ ఎంపిక ముందుకు జరుగుతుంది, ఆల్ట్ వదిలితే ఎంచుకున్నది తెరుచుకుంటుంది. మాక్‌లో కమాండ్, ట్యాబ్ ఈ పని చేస్తాయి. అక్కడ విండోలకు బదులు ప్రోగ్రామ్‌లు వరుసగా వస్తాయి. మాక్‌లో 2003 నుంచి అన్ని విండోలనూ చిన్నవి చేసి ఒకేసారి చూపించే ఏర్పాటు ఉంది. విండోస్‌లో విండోస్ కీ, ట్యాబ్ కలిపి నొక్కితే అలాంటి దృశ్యమే వస్తుంది. కంప్యూటర్ ప్రతి విండో బొమ్మనూ విడిగా మెమరీలో ఉంచుకుని, చివర్లో అన్నింటినీ కలిపి తెరకు పంపడం వల్ల ఇది సాధ్యమైంది. మాక్‌లో 2001 నుంచి, విండోస్‌లో విస్టా వచ్చిన 2007 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది.

వేర్వేరు పనుల విండోలు కలగాపులగం కాకుండా వర్చువల్ డెస్క్‌టాప్‌లు ఉపయోగపడతాయి. తెర ఒకటే ఉన్నా డెస్క్‌టాప్‌లు రెండు మూడు తయారుచేసుకుని, ఒకదాంట్లో ఆఫీసు పని, ఇంకోదాంట్లో చదువు పెట్టుకోవచ్చు. జెరాక్స్ పరిశోధకులు ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ 1986లోనే రూమ్స్ అనే పేరుతో ఈ ఆలోచనను అమలు చేసి చూపించారు. చిన్న తెర మీద విండోలు ఎక్కువై, వాటి మధ్య తిరగడానికే సమయమంతా పోతోందన్నది వారు పట్టుకున్న సమస్య. విండోస్‌లో ఈ సౌకర్యం 2015లో విండోస్ 10తో అందరికీ అందింది. విండోస్ కీ, కంట్రోల్ నొక్కి ఉంచి డి నొక్కితే కొత్త డెస్క్‌టాప్ వస్తుంది. అవే రెండు కీలతో కుడి, ఎడమ బాణాలు నొక్కితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లవచ్చు. వాటితో ఎఫ్4 నొక్కితే ఉన్న డెస్క్‌టాప్ మూసుకుపోతుంది. అందులోని విండోలు మాత్రం పోవు, పక్క డెస్క్‌టాప్‌కు చేరతాయి.

రెండో మానిటర్ ఉన్నవారికి చోటు రెట్టింపవుతుంది. విండోస్ కీ, షిఫ్ట్ నొక్కి ఉంచి కుడి లేదా ఎడమ బాణం నొక్కితే విండో ఒక మానిటర్ నుంచి ఇంకో మానిటర్‌కు దూకుతుంది. డిస్‌ప్లే సెట్టింగ్‌లలో రెండు మానిటర్లూ రెండు పెట్టెలుగా కనిపిస్తాయి. బల్ల మీద అవి నిజంగా ఎటు ఉన్నాయో ఆ పెట్టెలను కూడా అటే జరిపి పెట్టాలి. లేకపోతే కుడివైపు లాగిన విండో ఎడమవైపు తేలుతుంది. ఎక్కువసేపు చూసే విండో ముఖానికి ఎదురుగా ఉన్న మానిటర్ మీద ఉంటే మెడకు హాయి.

రెండో మానిటర్ తీసేసినప్పుడు ఒక్కోసారి విండో తెర బయట చిక్కుకుపోతుంది. టాస్క్‌బార్‌లో దాని గుర్తు ఉంటుంది, తెర మీద మాత్రం కనిపించదు. విండోస్‌లో దాన్ని తిరిగి తెచ్చే క్రమం ఇది. ముందు ఆల్ట్, ట్యాబ్‌తో ఆ విండోను ఎంచుకోవాలి. తర్వాత ఆల్ట్ నొక్కి ఉంచి స్పేస్ నొక్కాలి. ఒక చిన్న మెనూ వస్తుంది, అది కంటికి కనిపించకపోయినా ఫర్వాలేదు. అప్పుడు ఎమ్ నొక్కాలి, అది మూవ్‌కు గుర్తు. ఆ తర్వాత ఏదైనా బాణం కీ ఒకసారి నొక్కి మౌస్‌ను కదిపితే విండో బాణాన్ని అంటుకుని తెర మీదికి వస్తుంది. ఎమ్‌కు బదులు ఎస్ నొక్కితే బాణం కీలతోనే సైజు మార్చవచ్చు.

చేతిలో ఇన్ని మార్గాలు ఉన్నా, అమరికకు ఒక క్రమం ఉంటే పని తేలికవుతుంది. ముందుగా ఆ పనికి అక్కర్లేని విండోలను మినిమైజ్ చేయాలి, అవసరం పూర్తిగా తీరినవాటిని మూసేయాలి. తర్వాత చేతులు కదిలే విండోను, అంటే రాస్తున్నదాన్ని గానీ నింపుతున్నదాన్ని గానీ, ఎక్కువ చోటిచ్చి అమర్చాలి. చూసి రాయాల్సిన విండోను దాని పక్కనే పెట్టి, మధ్య గీతను జరిపి రెండింటి వెడల్పూ సరిచేయాలి. రెండింట్లోనూ అక్షరాలు కష్టపడకుండా చదవగలిగేలా కంట్రోల్, ప్లస్‌తో పెంచుకోవాలి. ఒకేసారి కంటికి అవసరం లేనివి వెనక ఉంటే చాలు, ఆల్ట్, ట్యాబ్‌తో అందుతాయి. సంబంధం లేని పనుల విండోలు రెండో డెస్క్‌టాప్‌లో ఉండాలి. సాధారణంగా ఒకేసారి పరచాల్సినవి రెండు, అరుదుగా మూడు. నాలుగో విండోకు చోటు వెతికేముందు దాన్ని నిజంగా ఒకేసారి చూడాల్సి ఉందా, లేక అప్పుడప్పుడు తీసి చూస్తే సరిపోతుందా అన్నది చూసుకుంటే, చాలాసార్లు అది వెనక వరుసలోనే ఇమిడిపోతుంది.